బాపు ఆఖరి రోజులు, ఇంటికొచ్చిన సిస్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాపు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయి ఏడాది దాటింది. ఆర్టీసీలో 30 ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆఖరి 26 రోజులు ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజుల్లో జిల్లా ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) సెంటర్ నుంచి ఒక నర్సు మా ఇంటికి వచ్చేది. అప్పటి నుంచి తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఎవరికి ఇలాంటి కష్టం వచ్చినా నా ఫోన్ నంబరు ఇస్తున్నారు. ఫోన్ చేసినవాళ్ళు ఇంచుమించు ఇవే అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాశాను. నేను బడిలో టీచర్‌ని, వైద్యం చదువుకోలేదు. మందుల మోతాదు విషయంలో మాత్రం మీ డాక్టరు, మీ నర్సు చెప్పిందే వినండి. తన పేరు రాయొద్దని మా ఇంటికి వచ్చిన నర్సు అంది, అందుకే సిస్టర్ అనే రాస్తున్నాను.

పాలియేటివ్ కేర్ అంటే డాక్టర్లు చేతులెత్తేశారనా?

మేమూ అలాగే అనుకున్నాం. ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టారు. నొప్పి వస్తే ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చిన మొదటి రాత్రి బాపు నడుము నొప్పికి దిండు అంచు నోట్లో కుక్కుకున్నాడు, మాకు వినపడకూడదని. జబ్బు తగ్గించే మందులు అయిపోయినా బాధ తగ్గించే వైద్యం వేరే ఉంటుందని, దానికి ప్రత్యేకంగా డాక్టర్లూ నర్సులూ ఉంటారని మర్నాడు ఒక చుట్టం చెబితే తెలిసింది.

ఈ వైద్యానికి దారి వేసిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు. తర్వాత సోషల్ వర్కరు, ఆ తర్వాత డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే చోటు) తెరిచింది. ఒంటి నొప్పి, మనసులో దిగులు, డబ్బు టెన్షన్, దేవుడి మీద కోపం అన్నీ కలిసి ఒకే నొప్పిగా బాధిస్తాయని, ఒక్కదానికే మందు వేస్తే చాలదని ఆమె నేర్పింది. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదన సదన్, 1993లో కాలికట్‌లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలయ్యాయి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో కూడా ఈ సెంటర్లు నడుస్తున్నాయి, వాళ్ళే బండి వేసుకుని ఇళ్ళకు వస్తారు. మీరు ఏ జిల్లాలో ఉన్నా ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి పాలియేటివ్ కేర్ ఉందా అని అడగండి. మేము అడగకుండా పోగొట్టుకున్నది ఒక్క రాత్రే అయినా, ఆ రాత్రి బాపుకి ఎంత పొడుగైందో నాకు తెలుసు.

మొదటి రోజు సిస్టర్ ఏం చేసింది?

చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, మంచం అంచున కూర్చుంది. ఫైలు తెరవలేదు. "ఏ డిపోల చేసినవ్ బాపు?" అని అడిగింది. మేం పిలిచినట్టే బాపు అని పిలిచింది. ఆయన రూట్లు చెబుతుంటే పది నిమిషాలు విన్నది. ఆ తర్వాతే నొప్పి సంగతి ఎత్తింది.

సున్నా నుంచి పది వరకు నంబరు చెప్పమంటే మా బాపు ఆసుపత్రిలో ఎప్పుడూ తడబడేవాడు. సిస్టర్ "రూపాయిల ఎన్ని అణాల నొప్పుంది?" అంది. "పద్నాలుగణాలు" అని టక్కున చెప్పాడు. మందు మొదలుపెట్టిన మర్నాడు ఫోన్ చేసి అడిగితే "ఆరణాలు" అన్నాడు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికి తలనొప్పి వచ్చినా అణాల్లోనే చెప్పుకుంటాం.

తర్వాత అమ్మ వైపు తిరిగి "మీరు పడుకుని ఎన్ని రోజులైంది?" అని అడిగింది. అమ్మకు బీపీ చూసింది. తన మాత్రలు వేసుకోవడం అమ్మ తొమ్మిది రోజులుగా మానేసిందని అప్పుడే బయటపడింది. ఒకే ఇంట్లో ఉంటున్నాం, మాలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

ఆ రోజు ఆమె చేసిన అసలు పని మాకు పని నేర్పడం. బాపు నడుము కింద దుప్పటి మడిచి వేసి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని రెండు గంటలకోసారి పక్కకు ఎలా తిప్పాలో చూపించింది. మోకాళ్ళ మధ్య దిండు, మడమల కింద మెత్తటి బట్ట. నా భర్తకు తిప్పే పని, నాకు నోరు శుభ్రం చేసే పని, అమ్మకు కాళ్ళకు కొబ్బరి నూనె రాసే పని, ఎనిమిదేళ్ళ మా బాబుకి మందు వేసిన టైం గోడ మీది క్యాలెండర్‌లో రాసే పని. అప్పటిదాకా మేమంతా మంచం చుట్టూ నిలబడి ఆయన్ని చూస్తూ ఏడుస్తూ ఉండేవాళ్ళం. సిస్టర్ వెళ్ళేసరికి ప్రతి ఒక్కరికీ చేతిలో ఒక పని ఉంది. దయ అంటే మంచి మాటలు చెప్పడం అనుకునేదాన్ని నేను.

మార్ఫిన్ ఇస్తే అలవాటైపోదా? తొందరగా పోరా?

మార్ఫిన్ అంటే గట్టి నొప్పికి ఇచ్చే, నల్లమందు జాతి మందు. అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. మా తమ్ముడు అమెరికా నుంచి ఫోన్ చేసి అరిచాడు కూడా.

క్యాన్సర్ నొప్పికి, తగిన మోతాదులో, డాక్టరు చెప్పినట్టు ఇస్తే మార్ఫిన్ ప్రాణం తీయదు. నొప్పికి వాడేవాళ్ళు మత్తుకు బానిసలయ్యేది అరుదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుతారు. మా బాపుకి నాలుగు గంటలకోసారి మాత్ర. రాత్రి నిద్ర చెడకుండా పడుకునేముందు ఎక్కువ మోతాదు రాశారు. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, రాకముందే గడియారం చూసి వేయాలి. ఈ ఒక్క మాట సిస్టర్ మాతో మూడుసార్లు తిరిగి చెప్పించింది. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, తర్వాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, అందుకే విరేచనం మాత్ర మొదటి రోజు నుంచే రాస్తారు. దాన్ని చిన్న విషయం అనుకుని వదిలేయకండి. ఆయాసానికి కూడా కొద్ది మోతాదులో మార్ఫిన్ పనిచేస్తుంది. టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగిలేలా పెట్టినా ఆయాసం తగ్గుతుందని సిస్టర్ చెబితే నమ్మలేదు. పెట్టి చూశాక నమ్మాం.

మందు దొరకడం కష్టమవడానికి ఒక కారణం చట్టం. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కింద దీనికి ఎన్నో అనుమతులు కావాల్సి వచ్చేది. 2014లో సవరణ చేసి సులభం చేశారు, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు తెచ్చి ఇవ్వగలవు. వీధి చివర మందుల షాపులో అడిగి, లేదంటే నిరాశపడి తిరిగి రావద్దు. పాలియేటివ్ సెంటర్‌కి వెళ్ళండి.

"ఆయనకు జబ్బు సంగతి చెప్పొద్దు" అని నర్సును అడగవచ్చా?

మేం అడిగాం. గేటు దగ్గరే ఆపి, బాపు దగ్గర క్యాన్సర్ అనే మాట ఎత్తొద్దని చెప్పాను. సిస్టర్ కోప్పడలేదు. "నా అంతట నేను చెప్పను అక్కా. కానీ ఆయనే అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేను" అంది.

మూడోసారి వచ్చినప్పుడు బాపు మమ్మల్ని బయటకు పంపి ఆమెతో మాట్లాడాడు. ఆమె బయటకొచ్చి మా ఇద్దరినీ, అమ్మనీ నన్నూ, వంటింట్లో కూర్చోబెట్టింది. బాపు తనతో అన్నదేమిటో ఆయన ఒప్పుకున్నాకే మాకు చెప్పింది. "నాకు ఎరుకే బిడ్డా. పోరలకు చెప్పకు, ఆగమైతరు" అన్నాడట. ఆయన మా నుంచి, మేం ఆయన నుంచి ఒకే సంగతి దాస్తున్నాం. మధ్యలో ఆ పిల్ల ఇద్దరి బరువూ మోస్తోంది.

ఆ సాయంత్రం బాపు తన పీఎఫ్ కాగితాలు ఎక్కడున్నాయో చెప్పాడు. ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో చెప్పాడు. అమ్మను దగ్గర కూర్చోమన్నాడు. నలభై రెండేళ్ళ కాపురంలో మా ముందు ఆయన అమ్మ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. మీ ఇంట్లోనూ ఇలాగే జరుగుతుందని చెప్పలేను, కొందరికి నిజంగానే తెలుసుకోవాలని ఉండదు, వాళ్ళను బలవంతపెట్టకూడదు. కానీ ఆయనకు తెలియదని మనం అనుకోవడం చాలాసార్లు మన భ్రమే.

అన్నం మానేస్తే? సెలైన్ ఎక్కించమని అడగాలా?

ఇది ఆడవాళ్ళు ఎక్కువగా అడుగుతారు. మా అమ్మ ప్రతి పూటా మెత్తగా కలిపిన పెరుగన్నం పట్టుకుని "ఒక్క ముద్ద" అని బతిమాలేది. బాపు అమ్మ కోసం మింగబోయి దగ్గేవాడు. "తిండి లేక ఎండిపోతుండు, ఒక్క బాటిలన్నా ఎక్కియ్యరాదా" అని అమ్మ సిస్టర్‌ని నిలదీసింది.

ఆఖరి దశలో ఒంటికి ఆకలి, దాహం తగ్గిపోతాయి. లోపలికి వెళ్ళిన దాన్ని అరిగించుకునే శక్తి ఉండదు. అప్పుడు సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు కాళ్ళలోకీ, ఊపిరితిత్తుల్లోకీ చేరి ఆయాసం, గొంతులో గురగుర పెరగవచ్చు. ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి డాక్టరు ఇవ్వనూ వచ్చు, అది వేరే సంగతి. సిస్టర్ ఇదంతా అమ్మకు చెప్పింది, కానీ అమ్మ మనసు మారింది ఆ మాటలతో కాదు. సిస్టర్ అమ్మ చేతిలోని గిన్నె తీసుకుని, "బాపుకి ఆకలి లేదమ్మా. మీకుంది" అని ఆ పెరుగన్నమే అమ్మ చేత తినిపించింది. అమ్మ ఏడుస్తూనే తిన్నది. తర్వాత గిన్నె బదులు చిన్న కప్పులో నీళ్ళు, దూది ఇచ్చి గంటకోసారి పెదవులు, నాలుక తడపమంది. ఆఖరి ఘడియ దాకా ఆ కప్పు అమ్మ చేతిలోనే ఉంది.

అద్దె ఇంట్లో ఉంటే?

ఈ ప్రశ్న రాసేటప్పుడు నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. మాది జిల్లా కేంద్రంలో అద్దె ఇల్లు. ఇంటాయన వచ్చి మెల్లగా, "అంతదాకా రాకముందే మీ ఊరికి తీసుకెళ్తే మంచిది" అన్నాడు. తెలుగు పట్నాల్లో ఇది కొత్త కాదు. శవాన్ని ఇంట్లోకి రానివ్వక రోడ్డు పక్కన టెంటు వేసుకున్న కుటుంబాలు ఉన్నాయి.

సిస్టర్‌కి చెబితే ఇంటాయన్ని తిట్టలేదు, మమ్మల్ని ఓదార్చనూ లేదు. నేరుగా బాపునే అడిగింది: "బాపు, నీకు యాడ ఉండాలనుంది?" మాకు ఆ మాట అడగాలనే తోచలేదు. అల్లుడింట్లో పోవడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదట. ఊళ్ళో తన ఇల్లు, వేపచెట్టు కింద మంచం కావాలన్నాడు. బయలుదేరే ముప్పావు గంట ముందు వేయాల్సిన మందు, దారిలో వాంతి వస్తే ఏం చేయాలి, మంచం ఏ గదిలో వేస్తే గాలి వస్తుంది, అన్నీ కాగితం మీద రాసిచ్చింది. ఊరు దూరమైనా రెండుసార్లు వచ్చింది. మిగతా రోజులు ఫోన్‌లో. మీది అద్దె ఇల్లయితే ఈ మాట ముందే ఇంటి ఓనరుతో, ఊరివాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి. ఆ రోజు వచ్చాక బతిమాలుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఏవేవో మాట్లాడుతున్నారు, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. ఏం చేయాలి?

ముందు నర్సుకు చెప్పండి. మూత్రం ఆగినా, జ్వరం వచ్చినా, మలబద్ధకం ఉన్నా ఇలా అవుతుంది, వాటికి మందు ఉంది. ఆఖరి రోజుల్లో ఏ కారణం లేకుండానూ రావచ్చు.

మా బాపు రెండు చేతులూ గాలిలో తిప్పేవాడు. స్టీరింగ్ అని మాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. "కండక్టర్ ఏడి, రైట్ చెప్పడేంది" అని కలవరపడేవాడు. "నువ్వు ఇంట్ల ఉన్నవ్ బాపు, బస్సు లేదు" అని నేను సర్దిచెప్పబోతే ఇంకా రెచ్చిపోయేవాడు. సిస్టర్ వచ్చి చెవి దగ్గర వంగి, "ఇంకా ప్యాసింజర్లు ఎక్కుతుండ్రు బాపు, టైముంది. జర ఆగుదాం" అంది. చేతులు నెమ్మదిగా ఒళ్ళోకి దిగాయి. ఆ మాట మేమందరం నేర్చుకున్నాం. రాత్రి ఒంటిగంటకు మా బాబు కూడా అదే చెప్పాడు.

చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వచ్చా?

రానివ్వండి, వాళ్ళకు ఇష్టమైతే. ఏం చూడబోతున్నారో ముందు చెప్పండి. "తాత నిద్రపోతున్నాడు" అని మాత్రం అనకండి, తర్వాత వాళ్ళు నిద్రకే భయపడతారు. సిస్టర్ మా బాబుకి చెప్పింది ఇంతే: "తాత ఒళ్ళు అలిసిపోయింది, ఇంక బాగుకాదు. నువ్వు టైం రాస్తున్నవ్ కదా, అందుకే ఆయనకు నొప్పి లేదు."

విదేశాల్లో ఉన్న పిల్లల్ని ఎప్పుడు రమ్మనాలి?

నర్సు రమ్మనమన్న రోజే. మా సిస్టర్ ఒక మంగళవారం "తమ్ముడికి టికెట్ తీసుకోమని చెప్పండి. నా అంచనా తప్పైతే తప్పుకానీ" అంది. తమ్ముడికి ఆఫీసులో ఏదో ముఖ్యమైన పని, శుక్రవారం బయలుదేరతానన్నాడు, నేనూ సరేనన్నాను. ఆ తప్పు మా ఇద్దరిదీ. వాడు దోహాలో విమానం మారుతుండగా బాపు ఊపిరి మారింది. సిస్టర్ ఫోన్‌లో, "వినికిడి చివరిదాకా ఉండొచ్చంటారు, తమ్ముణ్ణి మాట్లాడించండి" అంది. ఫోన్ బాపు చెవికి ఆనించి పట్టుకున్నాను. వాడేం మాట్లాడాడో నేను వినలేదు, ఇప్పటికీ అడగలేదు.

చివరి గంటలు దగ్గరపడ్డాయని ఎలా తెలుస్తుంది?

సిస్టర్ నాలుగు రోజుల ముందే అన్నీ చెప్పి పెట్టింది. ఎక్కువసేపు నిద్రలోనే ఉండడం, మూత్రం బాగా తగ్గడం, పాదాలు చల్లబడి మోకాళ్ళ దగ్గర ఊదారంగు మచ్చలు తేలడం, ఊపిరి కాసేపు ఆగి మళ్ళీ మొదలవడం. గొంతులో వచ్చే గురగుర ఎలా ఉంటుందో తన గొంతుతో చేసి వినిపించింది. "ఇది వినడానికి మీకు కష్టం, ఆయనకు తెలియదు. పక్కకు తిప్పి తల కొంచెం ఎత్తు పెట్టండి" అంది. ఆ చప్పుడు నిజంగా వచ్చినప్పుడు అంబులెన్స్‌కి ఫోన్ చేయకుండా మా అందరినీ పట్టి ఉంచింది ముందుగా విన్న ఆ చప్పుడే. ముఖం చిట్లించడం, మూలగడం, ఆయాసంతో పెనుగులాడడం ఉంటే మాత్రం ఏ రాత్రయినా ఫోన్ చేయమంది.

తులసి తీర్థం, కింద పడుకోబెట్టడం వంటివి నర్సులు వద్దంటారా?

మా సిస్టర్ అనలేదు. స్పృహలేని మనిషి నోట్లో చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి దూదితో పెదవులకు అద్దమంది. కిందికి దించాలని ఊరి పెద్దలు తొందరపెడితే, కదిపితే నొప్పి పుడుతుందని, ఊపిరి ఆగాక దించుకోమని వాళ్ళ వరసలోనే చెప్పి ఒప్పించింది. ఒక ముస్లిం ఇంట్లో మంచాన్ని కిబ్లా (మక్కా దిక్కు) వైపు తిప్పడానికి తానూ ఒక చెయ్యి వేశానని, ఒక క్రైస్తవుల ఇంట్లో పాస్టర్ ప్రార్థన ముగిసేదాకా సిరంజి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డానని మాటల్లో చెప్పింది.

ఐసీయూ, వెంటిలేటర్ వద్దంటే చట్టం ఒప్పుకుంటుందా? మనమే చంపినట్టు కాదా?

గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. బాగుపడే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఉంచవద్దని ముందుగానే రాసిపెట్టుకునే వీలు ఇచ్చింది. ఆ పద్ధతి మరీ చిక్కుగా ఉందని 2023 జనవరిలో సులభం చేసింది, ఇప్పుడు ఆ పత్రం మీద నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం సరిపోతుంది. ఆసుపత్రిలో వెంటిలేటర్ తీయాలంటే మాత్రం డాక్టర్ల బోర్డులు చూసి నిర్ణయించాలి.

ఈ తీర్పులకు ముందు 2011లో తీర్పు వచ్చిన కేసు అరుణా శాన్‌బాగ్‌ది. ఆమె కూడా నర్సే. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1973లో జరిగిన దాడి తర్వాత స్పృహ సరిగా రాలేదు. 2015లో చనిపోయేదాకా 41 ఏళ్ళకు పైగా అదే ఆసుపత్రి నర్సులు, తరం మారితే తర్వాతి తరం, ఆమెను చూసుకున్నారు. అన్నేళ్ళు మంచంలో ఉన్న మనిషికి ఒంటి మీద పుండు పడనివ్వలేదు. మా బాపుని 26 రోజులు తిప్పాక ఆ వాక్యం విలువ నాకు తెలిసింది.

ఇంట్లో పోతే మరణ ధ్రువపత్రం ఎలా?

చూస్తున్న డాక్టరు మరణ కారణం రాసి ఇవ్వాలి, ఇంటి దగ్గర మరణానికి అది ఫారం 4ఎ. ఊళ్ళో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్నంలో మున్సిపాలిటీలో 21 రోజుల్లోపు నమోదు చేయించండి. డిశ్చార్జి కాగితాలు, ఆధార్ జిరాక్సులు ఒకే కవరులో పెట్టి ఉంచమని సిస్టర్ ముందే చెప్పింది.

రోజూ చావులు చూసే నర్సులకు బాధ ఉండదా?

ఈ మాట నేను ఆమెనే అడిగాను. "ఉంటది అక్కా" అంది. వెళ్ళేటప్పుడు బండి ఎక్కేముందు వేపచెట్టు కింద రెండు నిమిషాలు ఊరికే నిలబడేది. ఎందుకో నేను అడగలేదు.

ఆమెకు ఏమిచ్చారు?

ఈ సేవకు డబ్బు లేదు. ఇవ్వబోయినా తీసుకోలేదు. పిట్టకు పెట్టిన (పోయినవాళ్ళ పేరున పక్షులకు ముద్ద పెట్టే కార్యం) మర్నాడు సిస్టర్ మా ఊరికి వచ్చింది. మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఇంట్లో ఉంచకూడదు, సెంటర్‌కి తిరిగి ఇచ్చేయాలి. మా బాబు క్యాలెండర్ తెచ్చి చూపించాడు, ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. పద్నాలుగు మాత్రలు, వాడి లెక్కకు సరిగ్గా సరిపోయాయి. వాడి చేత కాగితం మీద సంతకం పెట్టించింది.

అంటు ఇల్లని ఆ వారం ఇరుగుపొరుగు గుమ్మం దాకా వచ్చి పలకరించి వెళ్ళేవాళ్ళు, మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. అమ్మ కూడా సిస్టర్‌ని ఏమీ తాగుతావా అని అడగలేదు, అడగకూడదని. సిస్టరే అమ్మ పక్కన చాప మీద కూర్చుని, "అమ్మా, పొద్దున్నించి ఏం తాగలేదు. చాయ్ పెడతారా?" అంది. అమ్మ లేచింది. అయిదు రోజుల తర్వాత మా ఇంట్లో పొయ్యి మీద చాయ్ గిన్నె ఎక్కింది. సిస్టర్ రెండు కప్పులు తాగి వెళ్ళింది.